పర్వత్ పాటియాలో పక్క గ్లాసు

మీరు ఇప్పుడు చదవబోయేది ఒక మహాగాథ. ఇందులో రక్తం ఉంది, అగ్ని ఉంది. విషంలాంటి ఒక ద్రవం ఉంది, దాన్ని కళ్లు మూసుకుని తాగిన ఒక వీరనారి ఉంది. ఒక రాజ్యం, ఆ రాజ్యంలో ఒక నిషేధం, లోకమంతా మహమ్మారికి వణికిపోతున్న రోజుల్లో ఆ నిషేధం మధ్య నిలబడి పోరాడిన ఒక యువకుడు.

మరీ ఊపిరి బిగబట్టకండి. రక్తం అంటే దానిమ్మ రసం. అగ్ని అంటే మా ఇంటి గ్యాస్ స్టవ్వు, అందులో రెండో బర్నరు వెలగదు. విషంలాంటి ద్రవం మా అమ్మ కాచిన కషాయం. వీరనారి మా ఎదురింటి మాసీ, అరవై దాటినావిడ, మోకాళ్ల నొప్పులు. యువకుణ్ని నేనే. పోరాడలేదు, టమాటాలు వడకట్టాను.

అసలు సంగతి ఒక జ్యూసు. దాని వెనక ఒక ఉద్యోగం కూడా ఉంది.

కరోనా వచ్చేనాటికి నేను గోవాలో ఒక హోటల్ బార్‌లో ట్రైనీని. ట్రైనీ అంటే ఏం చేస్తారని మా చుట్టాలు అడిగినప్పుడు మా అమ్మ "హోటల్ల ఆఫీసర్" అని చెప్పేది. నేను నిమ్మకాయలు కోసేవాణ్ని. రోజూ కోసేవాణ్ని, చక్రాలుగా కొన్ని, చీలికలుగా కొన్ని. ఏడాది తర్వాత గ్లాసులు ముట్టుకోనిచ్చారు. ఇంకో ఆరు నెలలకు సీసాలు ముట్టుకోనిచ్చారు. సరిగ్గా ఆ నెలలోనే ప్రపంచంలో ఎవరూ ఎవర్నీ ముట్టుకోకూడదన్నారు. హోటల్ మూసేశారు. దొరికిన బస్సెక్కి సూరత్‌లో మా ఇంటికొచ్చి పడ్డాను.

మా ఇల్లు తెలంగాణ నుంచి వచ్చిన నేతపనివాళ్లు ఎక్కువగా ఉండే పర్వత్ పాటియాలో, మూడో అంతస్తులో. ఒక గది, ఒక వంటిల్లు. అందులో మా బాపు, అమ్మ, చెల్లె, ఇప్పుడు నేను. మా బాపు ముప్ఫై ఏళ్లుగా పవర్‌లూమ్ కార్ఖానాలో మగ్గాలు నడిపాడు. ఆ చప్పుడులో ఆయన చెవులు సగానికి సగం పోయాయి. తనకు వినబడదు గనక ఎదుటివాళ్లకూ వినబడదని ఆయన నమ్మకం. అందుకని ఏం చెప్పినా మూడు అంతస్తులకూ చెబుతాడు. మా ఇంట్లో రహస్యం అనేది ఎన్నడూ ఒక పూట మించి బతకలేదు.

వానాకాలం మధ్యలో కార్ఖానాలు ఒకటొకటిగా తెరుచుకోవడం మొదలైంది. మా వాళ్లు చాలామంది కరీంనగర్ వైపు ఊళ్లకు వెళ్లిపోయి ఇంకా తిరిగి రాలేదు. మగ్గాలున్నాయి, నడిపే చేతులు లేవు. బాపు ఒకనాడు అన్నం తింటూ తీర్పు చెప్పాడు.

"సేఠ్‌తోని మాట్లాడిన. వచ్చే సోమవారం సంది నువ్వు గూడ కార్ఖానకు రా. నాలుగు మగ్గాలు ఇస్తనన్నడు."

"బాపూ, మా హోటల్ తెరుస్తరేమో."

"ఎన్నడు తెరుస్తరు? లోకం మునిగినంక తెరుస్తరా?"

మగ్గాల పనంటే నాకు చిన్నచూపు లేదు. మా ఇంట్లో తిన్న ప్రతి మెతుకూ అక్కణ్నుంచి వచ్చిందే. నా భయం వేరే. చిన్నప్పుడు బాపుకు టిఫిన్ ఇవ్వడానికి వెళ్లినప్పుడు చూశాను, అక్కడ మనుషులు సైగలతో మాట్లాడుకుంటారు. ఎంత గొప్ప జోకు వేసినా పక్కవాడికి వినబడదు. అరిచి మళ్లీ చెప్పాలి. అరిచి రెండోసారి చెప్పిన జోకుకు నవ్వినవాణ్ని నేను ఇంతవరకు చూడలేదు. నోరు తప్ప మరో ఆస్తి లేని నాలాంటివాడికి అది యావజ్జీవం.

ఆ వారంలోనే గోవా నుంచి మా బార్ మేనేజరు సందేశం పెట్టాడు. హోటల్ మళ్లీ తెరుస్తున్నారు. కానీ బార్‌లో పనిచేసిన పద్దెనిమిది మందిలో ఆరుగుర్నే తీసుకుంటారు. అందుకు వీడియోలో ఒక పరీక్ష. శనివారం సాయంత్రం నాలుగింటికి నా వంతు. సోమవారం కార్ఖానా, శనివారం పరీక్ష. నా బతుకు ఎటు తిరగాలో తేలడానికి మధ్యలో ఒక ఆదివారం మిగిలింది.

పరీక్ష ఏమిటంటే, టెకీలా పక్కన ఇచ్చే ఎర్ర రసం చేయడం. టెకీలా అనేది మెక్సికోలో కిత్తనారలాంటి ఒక మొక్క దుంప కాల్చి తీసే మందు. దాన్ని చిన్న గ్లాసులో పోస్తారు, పక్కన ఇంకో చిన్న గ్లాసులో పుల్లగా, కారంగా, కాస్త తియ్యగా ఉండే పండ్ల రసం పోస్తారు. ఒక గుక్క ఇది, ఒక గుక్క అది. రసాన్ని మందులో కలపకూడదు. మేనేజరు చెప్పిన ప్రకారం, అక్కడి జనం పండ్ల ముక్కలు తిన్నాక గిన్నె అడుగున మిగిలిన రసంలో కారం కలిపి తాగడంతో ఇది మొదలైందట. దానికి ఆ భాషలో ఉన్న పేరుకు అర్థం చిన్న నెత్తురు అని. ఆ రోజుల్లో మా అమ్మ పొద్దున లేవగానే అందరి వేలికీ ఆక్సిజన్ చూసే పరికరం తగిలించేది. ఇంట్లో ఆ పేరు ఎత్తడం మంచిది కాదనిపించింది. ఎర్ర రసం అన్నాను.

నిబంధనలు మూడు. ఇంట్లో, చుట్టుపక్కల దొరికేవాటితోనే చేయాలి. ముందే చేసి చల్లబరిచి పెట్టుకోవచ్చు. రుచి చూసి చెప్పే మనిషి మాత్రం ఇంటివాళ్లు కాకూడదు. "మీ అమ్మ బాగుందనే అంటుంది. మా అమ్మా అంతే," అన్నాడు మేనేజరు. ఆయనకు మా అమ్మ తెలియదు.

"మరి టెకీలా సార్?"

"నువ్వు గుజరాత్‌లో ఉన్నావు కదా. నీ తిప్పలు నువ్వు పడు."

గుజరాత్‌లో మద్య నిషేధం. అంచేత ఇక్కడ మందు దొరకదు అని నేను రాయాలి. రాశాను.

ఇంట్లో ఈ సంగతి చెప్పినప్పుడు ముందు బాపుకు మొక్క దగ్గరే అనుమానం వచ్చింది.

"కిత్తనారనా? గదాంతోని మేం తాళ్లు పేనెటోళ్లం. బర్లను కట్టేసెటోళ్లం. గండ్ల నుంచి మందెట్ల వస్తదిరా?"

"గది వేరే జాతి బాపూ. దుంప కాలుస్తరు."

"ఏం మందన్నవ్?"

"టెకీలా," అన్నాను మెల్లగా.

"టెకీలానా!" అన్నాడు బాపు. మెట్ల మీద ఎవరో ఆగిన చప్పుడైంది. "గా టెకీలా మనింటికి ఎన్నడొస్తది?"

అమ్మ పరుగున వెళ్లి తలుపు వేసింది. తలుపు వేయడంతో విన్నవాళ్లకు మిగిలిన అనుమానం కూడా తీరిపోయింది.

"రాదు బాపూ! మందు రాదు. పక్కన తాగే రసం ఒక్కటే."

బాపుకు అప్పుడు అర్థమైంది. "అంటె పెండ్లిపిల్ల లేదు గని, తోడుపెండ్లికూతురును తయారు చేస్తవన్నట్టు."

మా ఇంట్లో జోకులు వేసే హక్కు నాది. ఆ ఒక్కసారికి వదిలేశాను.

మంగళవారం మొదటి ప్రయత్నం. ఎర్ర రసానికి నారింజలు కావాలి, వాటి కాలం ఇంకా రాలేదు, బత్తాయిలు తెచ్చాను. ఒక దానిమ్మ, నాలుగు టమాటాలు, నిమ్మకాయలు, పచ్చిమిరపకాయలు, నల్లుప్పు, వేయించి దంచిన జీలకర్ర. తెచ్చినవన్నీ అమ్మ ఉప్పు నీళ్లలో ముంచి, ఎండలో పెట్టి, మళ్లీ కడిగింది. ఆ ఏడాది మా ఇంట్లోకి వచ్చిన కూరగాయలు మనుషులకంటే ఎక్కువ స్నానాలు చేశాయి. నేను టమాటాలు మిక్సీలో వేసి, పలచని గుడ్డలో వడకట్టి, మిగిలిన రసాలు కలిపి, మిరపకాయలు చీరి అందులో నానబెట్టాను.

చెల్లె తాగి చూసింది. పన్నెండో తరగతి చదువుతోంది అప్పుడు, ఆన్‌లైన్ క్లాసుల్లో కెమెరా ఆపేసి నిద్రపోయేది. ప్రపంచంలో దేనిమీదా గౌరవం లేని పిల్ల.

"అన్నా, గిది పానీపూరీ నీళ్లు."

"కాదు."

"పూరీ యాది మర్చినవ్ గంతే."

నేనూ తాగాను. తప్పేమిటో తెలియలేదు. పులుపుంది, కారముంది, ఏదో లోపం ఉంది. ఉప్పు పెంచాను, తీపి తగ్గించాను. బుధవారమంతా అదే పని. సాయంత్రానికి నాకూ చెల్లెకూ బాపుకూ నాలుకలు మొద్దుబారి, అమ్మ చేసిన పప్పు కూడా దానిమ్మలా అనిపించింది. చివరికి లోపం కనిపెట్టింది బాపు.

"ఒరే, గిది పక్క గ్లాసు గదా. అసలు గ్లాసేది? నాలిక మీద మంట లేకుంటె చల్లార్పుడెట్ల తెలుస్తది? మా ఊర్ల కల్లు తాగేటప్పుడు ఉడకబెట్టిన శెనగ గుడాలు తినేటోళ్లం. కల్లు లేకుంట ఉత్త గుడాలు తిని మంచిగున్నయా లేవా అంటె ఏం చెప్త?"

ముప్ఫై ఏళ్లు మగ్గాల మధ్య తిరిగిన మనిషి, నేను ఏడాదిన్నర బార్‌లో నిలబడి నేర్చుకోనిది ఒక్క మాటలో తేల్చేశాడు. అసలు గ్లాసు కావాలి. ఘాటుగా, గొంతులో మండుతూ, చేదుగా, తాగినవాడు మొహం వికారంగా పెట్టేలా. మందు కాకూడదు.

ముగ్గురం ఒకేసారి పొయ్యి వైపు చూశాం. పొయ్యి మీద అమ్మ కషాయం కాగుతోంది.

ఆ కషాయం గురించి చెప్పాలి. మిరియాలు, శొంఠి, లవంగాలు, పసుపు, తులసి, ఏదో వీడియోలో చూసి కలిపిన వేపాకు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, స్టీలు గ్లాసు నిండా. మా వీధిలో అందరూ దాన్ని కాఢా అంటారు, అన్ని ఇళ్లలోనూ తాగేవారు. కరోనాను అది ఏం చేసిందో నాకు తెలియదు, మమ్మల్ని మాత్రం బాగానే ఏడిపించింది. దాన్ని ఇష్టంగా తాగిన మనిషిని నేను చూడలేదు. అమ్మ కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తాగేది.

చిన్న టీ గ్లాసులో కషాయం, ఇంకో టీ గ్లాసులో ఎర్ర రసం పోశాను. ఒక గుక్క మంట, ఒక గుక్క రసం. అప్పటిగ్గాని నాకు అర్థం కాలేదు, రసంలో తీపి ఎక్కువైందని, కారం చివర్లో కాక ముందే తగులుతోందని, బత్తాయి సగానికి తగ్గించి నిమ్మ పెంచాలని. గురువారం పొద్దున దిద్దాను. సాయంత్రం మరోసారి దిద్దాను. ఆ వారం నేను పుచ్చుకున్న కషాయానికి నాకు ఇంకో నూరేళ్లు జలుబు రాకూడదు.

గురువారం సాయంత్రమే మాసీ వచ్చింది. ఎదురు తలుపు. మాసీ అంటే పిన్ని. గుజరాతీ ఆవిడ, ఉల్లి, వెల్లుల్లి ముట్టదు, నిజం తప్ప మాట్లాడదు. రెండోదానివల్ల బిల్డింగ్‌లో ఆమెకు స్నేహితులు తక్కువ. గడప అవతలే, మాస్కు సర్దుకుంటూ నిలబడింది.

"మంగళవారం నుంచి మీ ఇంట్లో మిక్సీ ఆగట్లేదు. మీ ఆయన ఏదో వస్తోందా అని అరిచాడు. నేను ఎవరికీ చెప్పను, కానీ నాకు చెప్పండి." గుజరాతీ, హిందీ కలిపి అన్నదాన్ని నేను తెలుగులో పెడుతున్నాను.

అమ్మ హిందీలో సగం తెలుగే. "అయ్యో బెన్, కుచ్ నహీ. కాఢా హై, దాని పక్కకు జ్యూస్ హై. పిల్లగాడు బనాయా."

అంటూనే రెండు గ్లాసులు తెచ్చి గడప మీద పెట్టింది. మాసీ కషాయం ఒక గుక్క తాగింది, అలవాటైన కష్టంతో కళ్లు మూసుకుంది. తర్వాత ఎర్ర రసం తాగింది. కళ్లు తెరిచింది.

"దీకరా," అంది నాతో. కొడుకా అని. "ఇది పక్కనుంటే కాఢా అంత దుర్మార్గంగా లేదు."

"ఇంకా ఏమైనా చెప్పండి మాసీ. లోపాలు."

"చాలా ఉన్నాయి. ఉప్పు తక్కువ. గ్లాసు చిన్నది."

ఆ క్షణమే నా సాక్షి దొరికింది. శుక్రవారం పొద్దున వెళ్లి అడిగాను. ఇది ఉద్యోగం విషయమని, శనివారం దాటితే సోమవారం నేను కార్ఖానాలో ఉంటానని మొత్తం చెప్పాను. ఆమె శ్రద్ధగా విని ఒక షరతు పెట్టింది.

"నీ రసం ఏ గ్లాసు పక్కన పెట్టేదో నాకు చెప్పకు. నా వరకు ఇది కాఢాకు తోడు. అంతే. దేవుడి ముందు నిలబడి అదే చెప్తాను."

"సరే మాసీ."

"ఆ టెకీలా గురించి నాకు అస్సలు తెలియదు."

"సరే మాసీ."

శనివారం పొద్దున పదింటికి చివరిసారి రసం చేశాను. బత్తాయి, దానిమ్మ, టమాటా, నిమ్మ, చీరిన మిరపకాయలు, నల్లుప్పు ఒక చిటికెడు ఎక్కువ. స్టీలు గిన్నెలో పోసి మూత పెట్టి ఫ్రిజ్‌లో పెట్టాను. మధ్యాహ్నం మిరపకాయలు తీసేసి మళ్లీ మూత పెట్టాను. రుచి చూశాను. గర్వం నాకు పెద్దగా అలవాటు లేదు గనక దాన్ని ఎలా మోయాలో తెలియక స్నానానికి వెళ్లాను. స్నానం చేసి, గడ్డం గీసుకుని, బార్ యూనిఫామ్ చొక్కా ఇస్త్రీ చేసుకున్నాను. కింద పాంటు అక్కర్లేదు, కెమెరా నడుము దాకానే. పావు తక్కువ నాలుగింటికి లుంగీ మీద ఆ చొక్కా వేసుకుని వంటింట్లోకి వచ్చేసరికి ఇంగువ వాసన.

పొయ్యి మీద నా గిన్నె ఉంది. అందులోంచి ఆవిరి వస్తోంది. పక్కన తాలింపు గరిటె, ఇంకా చిటపటలాడుతోంది.

"అమ్మా, ఏంది గిది?"

"పచ్చిదే పెట్టినవ్ గద కొడుకా. నీకు యాది లేదేమోనని జర కాచి పోపు పెట్టిన." అమ్మ మొహంలో మేలు చేసిన తృప్తి వెలిగిపోతోంది. "ఎదురింటామెకు పచ్చి టమాట తాగిస్తరా గీ రోజులల్ల? రేపు ఆమెకు దగ్గొస్తె మన మీదికి రాదా? ఎల్లిపాయ ఎయ్యలే, ఆమె తినది గద. ఇంగువ ఏసిన."

గిన్నెలోకి చూశాను. ఎర్ర రసం మీద ఆవాలు, జీలకర్ర, రెండు కరివేపాకులు తేలుతున్నాయి. మా అమ్మ చేతిలో పడ్డ ఎర్రటి, పుల్లటి, పలచటి ద్రవం ఏదైనా చారే అవుతుంది. ముప్ఫై ఏళ్లుగా ఆమె కళ్లు, చేతులు అట్లా ఒప్పందం చేసుకున్నాయి.

"ఇంకేమేసినవ్?" అన్నాను.

"బెల్లం. గింతంత. ఈడ ఉన్నోళ్లు ఎయ్యకుంటె తాగరు."

అంటే తెలంగాణ చారు మీద సూరత్ కూడా కూర్చుంది.

నేను అరిచి గోల చేసి, తల పట్టుకుని కూలబడాల్సిన ఘట్టం ఇది. సమయం పన్నెండు నిమిషాలే ఉంది. కూలబడితే లుంగీ నలుగుతుంది. మళ్లీ చేద్దామంటే బత్తాయిలు అయిపోయాయి. గిన్నెను నీళ్లలో పెట్టి చల్లార్చమని చెల్లెకు చెప్పి, గుడ్డతో వడకట్టాను. ఆకులు పోయాయి. ఆవాలు మాత్రం గుడ్డలో చిరుగొకటి వెతుక్కుని మళ్లీ వచ్చాయి.

"నేను ఖరాబ్ చేసిన్నా బిడ్డా?" అంది అమ్మ. గరిటె ఇంకా చేతిలోనే ఉంది. తృప్తి పోయి మొహం చిన్నబోయింది. శనివారం తర్వాత సోమవారం వస్తుందని ఆమెకూ తెలుసు. నేను మగ్గాల దగ్గరికి పోవడం బాపుకు సర్దుబాటు, ఆమెకు కాదు. బాపు చెవులు ఎట్లా పోయాయో ఆమె దగ్గరుండి చూసింది.

నాకు ఒక్క జోకు కూడా రాలేదు. "ఏం గాదు," అని మాత్రం అన్నాను. నేను మామూలుగా మాట్లాడటంతో ఆమె ఇంకా భయపడింది.

నాలుగింటికి ఫోను మోగింది. చెల్లె ఫోను పట్టుకుంది. గడప అవతల కుర్చీలో మాసీ, పండగ చీర కట్టుకుని. తెరమీద మేనేజరు, ఆయన వెనక ఖాళీ బార్, బల్లల మీద తలకిందులుగా పెట్టిన కుర్చీలు.

"గ్లాసు కెమెరా దగ్గర పెట్టు," అన్నాడు. "ఇంకా దగ్గర. అవేంటి, నల్లగా తిరుగుతున్నాయి?"

అబద్ధాలు నాలుగైదు సిద్ధంగా ఉన్నాయి. విదేశీ మిరియాలు అనొచ్చు, కొత్త ప్రయోగం అనొచ్చు. కానీ ఎదురుగా నిజం తప్ప మాట్లాడని మనిషి కూర్చుని ఉంది.

"ఆవాలు సార్. నేను పచ్చి రసం చేసి పెట్టాను. స్నానం చేసి వచ్చేలోపు మా అమ్మ కాచి పోపు పెట్టేసింది."

మేనేజరు కదల్లేదు. కోపమో, నెట్‌వర్కో తెలియలేదు. అరనిమిషం అట్లాగే ఉండిపోయాడు. మా జీవితాల్లో అత్యంత ఉత్కంఠ నిండిన ఆ అరనిమిషం నెట్‌వర్కే అని తర్వాత తేలింది.

"ఆ... ఏమన్నావు? మళ్లీ చెప్పు."

మళ్లీ చెప్పాను. పోపును హిందీలో తడ్కా అంటే గొప్పతనమేమీ రాదని అప్పుడే తెలిసింది.

"మొదటి గ్లాసులో ఏముంది?"

"కాఢా సార్."

ఆయన మొహం ముడుచుకుంది. "మా ఇంట్లోనూ అదే," అన్నాడు. "రోజుకు రెండుసార్లు."

మాసీకి సైగ చేశాను. మాస్కు కిందికి లాగి, కషాయం ఒక గుక్క తాగింది. కళ్లు మూసుకుంది. ఎర్ర రసం తాగింది. ఒక ఆవగింజ పంటి కింద పడ్డట్టుంది, నమిలింది. అందరం చూస్తున్నాం. వెనక నుంచి బాపు "ఏమన్నది? ఏమన్నది?" అని మూడు అంతస్తులనూ అడుగుతున్నాడు. మాసీ కొంగుతో మూతి తుడుచుకుంది. ఆలోచిస్తూ చెయ్యి చాపి, కషాయం గ్లాసు మళ్లీ అందుకుని, ఇంకో గుక్క తాగింది. ఆ వెంటనే రసం. మళ్లీ కషాయం.

"ఆగండి," అన్నాడు మేనేజరు. "ఆవిణ్ని ఎవరైనా తాగమన్నారా?"

"లేదు సార్."

"కాఢా తనంతట తానే మళ్లీ తాగిందా?"

"అవును సార్."

ఆయన వెనక్కి ఆనుకున్నాడు. "పక్క గ్లాసు పని అదొక్కటే. చెయ్యి మళ్లీ మొదటి గ్లాసు మీదికి పోవాలి." తర్వాత మాసీని హిందీలో అడిగాడు, "ఎలా ఉందమ్మా?"

"మొన్నటిదే బాగుంది," అంది మాసీ. "ఇది దాల్‌లా ఉంది. కానీ మొన్న కాఢా ఒక్క గుక్కతో ఆపేశాను. ఇవాళ గ్లాసు అయిపోయింది. ఎందుకో నాకు తెలియదు." కాస్త ఆగి, "ఇది ఏ గ్లాసు పక్కన పెట్టేదో కూడా నాకు తెలియదు," అని జోడించింది.

"ఆదివారం చెప్తాను," అని మేనేజరు ఫోను పెట్టేశాడు.

ఆ రాత్రి గురించి రాయను. అందరూ నిద్రపోయారు, నేనూ పోయాను. ఆదివారం పొద్దున బాపు నా కోసం తన పాత చెప్పుల జత తుడిచి తలుపు పక్కన పెట్టాడు. కార్ఖానాలో నూనె మరకల మీద జారకుండా ఉండే చెప్పులు. ఆయన నెమ్మదిగా ఉండటం నేను చూసిన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అమ్మ ఆ రోజు చారు పెట్టలేదు. మజ్జిగతో సరిపెట్టింది. "ఆవాలు ఒడిసినయ్," అంది. డబ్బా నిండా ఉన్నాయి, నేను చూశాను.

"అమ్మా, రేపు చారు పెట్టు. లేకుంటె ఆవాలకు పురుగు పడ్తది," అన్నాను. ఆమె నవ్వలేదు గానీ కొంగుతో నా వీపు మీద ఒకటేసింది. అదీ ఒక సమాధానమే.

సాయంత్రం ఐదింటికి మెయిల్ వచ్చింది. ఆరుగురిలో నా పేరుంది. దాని వెంటే మేనేజరు విడిగా ఒక ముక్క పంపాడు: "పోపు ఉంచు. ఆవాలు తీసెయ్."

ఆ తర్వాత జరిగింది అమ్మ ఏడవడం, చెల్లె "ఇగ నా మంచం నాదే" అనడం, బాపు మెట్ల దాకా వెళ్లి "పాసైండు! మావోడు మందు పరీక్ష పాసైండు!" అని మద్య నిషేధం ఉన్న రాష్ట్రంలో ప్రకటించడం. ఎదురు తలుపు తెరుచుకుంది. "నాకేం వినబడలేదు," అంది మాసీ. తలుపు మూసుకుంది.

పది రోజులకు గోవా చేరాను. ఆరుగురం బార్ ముందు వరసగా నిలబడ్డాం. ప్రభుత్వ నిబంధనల ప్రకారం బార్ ఇంకొంత కాలం తెరవకూడదట. అందాకా మమ్మల్ని హోటల్లో తలో చోటికి సర్దారు. నాకు పొద్దుటి టిఫిన్ల దగ్గర జ్యూసు కౌంటర్ ఇచ్చారు. పండ్లు కోసే పని లేదు, జ్యూసు డబ్బాల్లో వస్తుంది. డబ్బా తెరిచిన తేదీ మూత మీద మార్కర్ పెన్నుతో రాయాలి, ఫ్రిజ్‌లో పెట్టాలి, మూడు రోజులు దాటితే పారబోయాలి.